ఆ బట్టల మీద పేరు ఉండనే ఉన్నది

ఈ నెల మన ఊరి సంగతి కాకుండా దూరదేశం సంగతి ఒకటి రాస్తున్నాను. ఆస్ట్రేలియా దేశంలో అడిలైడ్ అనే పట్నం ఉన్నది. అక్కడి సముద్రం ఒడ్డున 1948లో పేరు తెలియని మనిషి ఒకడు చచ్చిపోయి దొరికాడు. అతను ఎవరో తేల్చడానికి 70 ఏళ్లు పైనే పట్టింది. గూఢచారి అన్నారు, నావికుడు అన్నారు, ప్రేమలో ఓడిన వాడన్నారు. కాలేజీలో చదివే మా మనుమరాలు ఇంగ్లీషులో చదివి నాకు తెలుగులో చెప్పింది. వింటూ వింటూ నేను ఒక కాగితం మీద గంటల లెక్క రాసుకున్నాను. ముప్ఫై ఏండ్లు సాంచాల మీద బతికినవాణ్ణి. నా కన్ను మొదట పడింది అతని బట్టల మీద.

మంగళవారం పొద్దున

1948 నవంబరు 30, మంగళవారం. మనకు చలి మొదలయ్యే నెల, అక్కడ ఎండాకాలం మొదలయ్యే నెల. ఆ పొద్దున ఒక మనిషి అడిలైడ్ రైలు స్టేషనులో ఉన్నాడు. రాత్రి రైలులో వేరే ఊరి నుంచి వచ్చి ఉంటాడని పోలీసుల అంచనా. స్టేషను పక్కనే స్నానాల గదులు ఉండేవి. అక్కడ స్నానం, గడ్డం చేసుకొని ఉంటాడని కూడా అనుకున్నారు.

తర్వాత హెన్లీ బీచ్ అనే సముద్రపు ఒడ్డుకు పోవడానికి సెకండ్ క్లాసు టికెట్ కొన్నాడు. కానీ ఆ రైలు ఎక్కలేదు. టికెట్ వాడకుండానే జేబులో మిగిలింది. 11 గంటల తర్వాత తన గోధుమరంగు సూట్‌కేసును స్టేషనులో సామాను పెట్టుకునే గదిలో అప్పజెప్పాడు. అక్కడి నుంచి గ్లెనెల్గ్ వైపు పోయే బస్సు టికెట్ కొన్నాడు. ఆ బస్సు దిగే చోటు నుంచి శవం దొరికిన చోటుకు సుమారు ఒక కిలోమీటరు.

సూట్‌కేసు అప్పజెప్పిన మనిషి తిరిగి వచ్చి తీసుకుందామనే కదా పెడతాడు. నాకైతే ఇది పెద్ద మాటగా తోచింది. ఒక ఊరికి టికెట్ కొని ఇంకో వైపు పోవడం, పెట్టె వదిలి చేతులు ఊపుకుంటూ పోవడం చూస్తే, అతను ఎవరినో వెతుక్కుంటూ వచ్చినట్టు ఉన్నది.

సాయంత్రం ఏడు గంటలు

మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అతన్ని చూశామని గట్టిగా చెప్పిన సాక్షి లేడు. ఏడు గంటలకు ఒక నగల వర్తకుడు భార్యతో కలిసి సోమర్టన్ ఒడ్డున షికారు పోతున్నాడు. ఇసుకలో ఒక మనిషి, ఒడ్డు గోడకు తల ఆనించి, కాళ్లు చాపి, పాదం మీద పాదం వేసుకొని పడుకొని ఉన్నాడు. వాళ్లు చూస్తుండగానే కుడి చెయ్యి పూర్తిగా పైకి చాపాడు. ఆ చెయ్యి అట్లనే కింద పడిపోయింది. తాగి ఉన్నాడేమో అనుకొని వాళ్లు ముందుకు పోయారు.

ఏడున్నర, ఎనిమిది మధ్య ఇంకో జంట వచ్చింది. వీధి దీపాలు వెలిగాయి. ఆ మనిషి కదలడం వాళ్లు చూడలేదు. దోమలు ముసురుతున్నా తోలుకోవడం లేదేమిటని వాళ్లలో వాళ్లు అనుకున్నారు కూడా. నిద్రపోతున్నాడో, తాగి పడ్డాడో అని వాళ్లూ పోయారు.

దోమలు కుట్టినా కదలని మనిషి! ఆ మాట నోట అన్నారు గాని, నాలుగు అడుగులు వేసి చూడలేదు. వాళ్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. మన బస్తీలో జీతాల రోజు రాత్రి గల్లీ చివర పడి ఉన్నవాణ్ణి చూసి మనం ఏమంటాం? "తాగిండు, పొద్దున లేస్తడు" అంటాం. షుగరు పడిపోయినవాడు, గుండె పట్టుకున్నవాడు, ఎండదెబ్బ తగిలినవాడు కూడా అట్లనే పడి ఉంటాడు. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. దగ్గరికి పోయి భుజం తట్టితేనే తెలుస్తుంది.

బుధవారం తెల్లవారి

డిసెంబరు 1, పొద్దున ఆరున్నర. ముందు రోజు సాయంత్రం భార్యతో వచ్చిన ఆ నగల వర్తకుడే సముద్రంలో ఈతకు వచ్చాడు. అదే గోడ, అదే చోటు, అదే పడక. ఈసారి దగ్గరికి పోయి చూశాడు. మనిషి చల్లబడిపోయాడు. కోటు కాలరు మీద ఒక సిగరెట్టు పడి ఉన్నది.

రాత్రి రెండు గంటల ప్రాంతంలో ప్రాణం పోయి ఉంటుందని డాక్టర్లు చెప్పారు. చావుకు మూడు నాలుగు గంటల ముందు పాస్టీ తిన్నాడు, అంటే లోపల కూర పెట్టి కాల్చిన రొట్టె. నా కాగితం మీద లెక్క తప్పింది ఇక్కడే. రెండు గంటలకు చస్తే, రాత్రి పది పదకొండుకు తిని ఉండాలి. ఏడు గంటల నుంచే ఇసుకలో పడి ఉన్నవాడు పదింటికి లేచి పోయి రొట్టె తిని, మళ్లీ అదే చోట అట్లనే పడుకుంటాడా? లేకపోతే డాక్టర్లు అనుకున్నదానికంటే ముందే పోయాడా? సాయంత్రం చూసినవాళ్లు ముఖం చూడలేదు కనుక వాళ్లు చూసింది ఇతన్నేనా అని కూడా అడగవచ్చు. ఈ ముడి విప్పడం కోర్టుకే చేతకాలేదు.

కడుపులో, కాలేయంలో రక్తం గడ్డకట్టినట్టు నిండి ఉన్నది. ప్లీహం మామూలు కంటే మూడింతలు పెరిగింది. విషం అని డాక్టర్లకు అనుమానం వచ్చింది గాని, పరీక్షల్లో ఏ విషమూ దొరకలేదు. చావుకు కారణం ఇదీ అని విచారణ జరిపిన కరోనరు రాయలేకపోయాడు.

జేబులు, పెట్టె, దారం

జేబుల్లో డబ్బు సంచి లేదు. వాడని రైలు టికెట్, బస్సు టికెట్, ఒక అల్యూమినియం దువ్వెన, చూయింగ్ గమ్ పొట్లం, అగ్గిపెట్టె. ఒక కంపెనీ సిగరెట్టు డబ్బాలో వేరే కంపెనీ సిగరెట్లు ఏడు. నెత్తి మీద టోపీ లేదు. ఆ రోజుల్లో అక్కడ టోపీ లేకుండా మగవాడు బయటికి రావడం అరుదు.

కోటు, పుల్లోవరు, టై, మెరుగు పెట్టిన బూట్లు, అన్నీ బాగున్నాయి. కానీ బట్టల మీది చీటీలు ఒక్కటి కూడా లేవు. ప్రతి చీటీ తీసేసి ఉన్నది. వేలిముద్రలు, ఫొటోలు దేశదేశాలకు పంపారు. ఎక్కడా కలవలేదు.

ఆరు వారాలు గడిచాక, 1949 జనవరి 14న స్టేషనులో అతని సూట్‌కేసు బయటపడింది. దాని మీది చీటీ కూడా చించేసి ఉన్నది. లోపల రాత్రి బట్టలు, చెప్పులు, గడ్డం సామాను ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవరు ఒకటి, అరగదీసి పొట్టిగా చేసిన కత్తి ఒకటి, మొనలు నూరిన కత్తెర, వాటి మొనలకు తొడుగుగా జింకు రేకు ముక్క ఉన్నాయి. పెట్టెల మీద పేర్లు, నంబర్లు అచ్చు వేసే కుంచె ఉన్నది. మా మిల్లులో బట్ట బేళ్ల మీద నంబరు వేసేవాళ్ల చేతిలో ఇట్లాంటి కుంచె ఉండేది.

బార్బర్ కంపెనీ నారింజరంగు మైనపు దారం కార్డు కూడా ఆ పెట్టెలో ఉన్నది. ఆ రకం దారం ఆస్ట్రేలియాలో అమ్మేది కాదు. చనిపోయిన మనిషి పాంటు జేబు లోపలి గుడ్డ చిరిగితే కుట్టుకున్నది అదే దారంతో. పెట్టె అతనిదే అని పోలీసులకు గట్టిగా నమ్మకం కలిగించింది ఆ దారమే. జేబు చిరిగితే తానే కుట్టుకునే మనిషి అన్నమాట. కొత్త పాంటు కొనుక్కునే దొర కాదు.

ఇక అసలు సంగతి. ఆ పెట్టెలో ఒక టై మీద "టి. కీన్" అని, బట్టలు ఉతకడానికి వేసే సంచి మీద "కీన్" అని, ఒక బనియను మీద ఒక అక్షరం తక్కువగా అదే పేరు రాసి ఉన్నది. లాండ్రీ వాళ్లు వేసిన నంబర్లు మూడు ఉన్నాయి: 1171/7, 4393/7, 3053/7.

పోలీసులు కీన్ అనే మనిషి కోసం వెతికారు. తప్పిపోయిన కీన్ ఎక్కడా లేడు. లాండ్రీ నంబర్లు దేశమంతా పంపారు, ఎవరూ మావి అనలేదు. చనిపోయినవాడి పేరు కీన్ కాదు కనుకనే, చీటీలు తీసినవాళ్లు ఆ పేరు వదిలేశారని పోలీసులు అనుకున్నారు. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

"తమామ్ షుద్"

తర్వాత అతని పాంటులో చిన్న చోరుజేబు ఒకటి దొరికింది. అందులో చుట్టి పెట్టిన కాగితం ముక్క. దాని మీద అచ్చు అక్షరాలతో "తమామ్ షుద్" అని ఉన్నది. ఫారసీ మాట. ముగిసింది అని అర్థం. తమాం అనే మాట మన దక్కనులో అందరికీ తెలుసు గదా. అది ఉమర్ ఖయ్యాం రుబాయీల పుస్తకం ఆఖరి పేజీ నుంచి చించిన ముక్క. దువ్వూరి రామిరెడ్డి గారు "పానశాల" అని తెలుగు చేసింది ఈ ఖయ్యాం రుబాయీలనే.

ఆ ముక్క చించిన పుస్తకం కూడా దొరికింది. గ్లెనెల్గ్‌లో నిలిపిన ఒక కారులో ఎవరో పడేసి పోయారట. దాని వెనక అట్ట మీద అర్థంకాని అక్షరాల వరసలు, ఒక ఫోను నంబరు ఉన్నాయి. ఆ నంబరు శవం దొరికిన చోటుకు దగ్గరలోనే ఉండే ఒక నర్సుది. ఆమె ఆ మనిషి ఎవరో తనకు తెలియదన్నది.

ఇంకేం, లోకమంతా ఆ అక్షరాల వెంట పడింది. గూఢచారి భాష అన్నారు. యుద్ధం అయిపోయి మూడేళ్లే అయింది కనుక రష్యా అన్నారు, అమెరికా అన్నారు. వాడు నాకు తెలుసు అని వచ్చినవాళ్లు ఎంతమందో. 1953 నవంబరు నాటికి పోలీసులకు వచ్చిన "జవాబు" 251వది. అన్నీ ఉత్తవే. 1949 జూన్‌లో అతన్ని అడిలైడ్ వెస్ట్ టెర్రస్ శ్మశానంలో పూడ్చారు. పూడ్చే ముందు ముఖం, భుజాల అచ్చు ప్లాస్టరుతో తీశారు. గుర్రప్పందాల బుకీల సంఘం వాళ్లు అంత్యక్రియల ఖర్చు పెట్టుకున్నారు, దిక్కులేని శవం కాకూడదని. సమాధి రాయి మీద పేరు ఉండవలసిన చోట "తెలియని మనిషి" అని చెక్కారు.

బావ పేరు

అడిలైడ్ విశ్వవిద్యాలయంలో డెరెక్ అబ్బాట్ అనే ఆచార్యుడు ఏళ్ల తరబడి ఈ కేసు పట్టుకొని కూర్చున్నాడు. ఆ ప్లాస్టరు అచ్చుకు అతుక్కున్న వెంట్రుకలు తీసి, డీఎన్‌ఏ పరీక్ష చేయించాడు. అమెరికాలోని కొలీన్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే నిపుణురాలితో కలిసి సుమారు 4000 మంది బంధువుల వంశవృక్షం గీశాడు. 2022 జూలైలో వాళ్లిద్దరూ పేరు ప్రకటించారు: కార్ల్ వెబ్.

పుట్టింది 1905 నవంబరు 16, మెల్‌బోర్న్ పట్నంలో ఫుట్‌స్క్రే అనే పేట. ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. పని విద్యుత్ పరికరాలు తయారు చేయడం. చనిపోయే నాటికి 43 నిండి రెండు వారాలు. పెళ్లయింది గాని సంసారం నిలవలేదు. 1947లో ఇంటి నుంచి వెళ్లిపోయాడు. ఇది పరిశోధకులు చెప్పిన మాట. పోలీసుల ముద్ర వేరే సంగతి. ఆ ముద్ర కోసమే 2021 మే నెలలో పోలీసులు సమాధి తవ్వించారు.

ఇప్పుడు వినండి. కార్ల్ వెబ్ అక్క ఒకామెను చేసుకున్న మనిషి ఇంటిపేరు కీన్. అతని పేరులో థామస్ ఉన్నది. టి. కీన్! అంటే ఆ టై, ఆ సంచి, ఆ బనియను బావగారివి అయి ఉండవచ్చు.

మా మనుమరాలు ఈ మాట చదవగానే నేను పక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాను. మన ఇళ్లల్లో ఇది వింతా? బావ చొక్కా బామ్మర్దికి, అన్న పాంటు తమ్మునికి, పెద్దనాన్న కోటు కొడుకు పెండ్లికి! సాంచాల మీద బతికే ఏ ఇంట్లో ఒక్క మనిషి బట్ట ఒక్కనితోనే చినిగింది? యుద్ధం రోజుల్లో అక్కడ కూడా బట్టకు రేషను. కీన్ అనే మనిషిని వెతికినవాళ్లు, కీన్ ఇంటికి పోయి "మీ బట్టలు ఎవరికన్నా ఇచ్చారా" అని అడిగి ఉంటే ఆ అక్క చెప్పకపోయేదా? పేరు 1949 జనవరిలోనే పోలీసుల బల్ల మీద ఉన్నది. అది చనిపోయినవాడి పేరు కాదు, చనిపోయినవాడి బంధువు పేరు.

గూఢచారి సామాను అనుకున్న స్క్రూడ్రైవరు, నూరిన కత్తెర, జింకు రేకు మరేం కాదు. అవి ఒక పనిమంతుని పనిముట్లు. మన ఇళ్లల్లో అటక మీద డబ్బా దించి చూడండి. అరగదీసిన బ్లేడు, మొన వంచిన సూది, కండెలు కోసే చాకు ఉంటాయి. రేపు మనలో ఎవరన్నా దారిలో పడిపోతే, మన సంచి చూసినవాళ్లు కూడా ఏమేమో అనుకుంటారు.

నాకు కడుపులో దేవినట్టయిన సంగతి ఇంకొకటి. అతని భార్య అడిలైడ్‌కు 150 కిలోమీటర్ల లోపే ఉండే బ్యూట్ అనే ఊరికి వచ్చి ఉన్నది. 1951లో, నన్ను వదిలేసి పోయాడని కోర్టులో విడాకులకు వేసింది. అప్పటికి అతను మట్టిలో కలిసి రెండేళ్లు దాటింది. ఆమె కోసమే అతను ఆ రైలు దిగాడేమో అని ఆచార్యుని ఊహ. సమాధి ఒక చోట, ఆ సమాధి మీద విడాకుల దావా ఇంకో చోట. ఎవరికి ఎవరూ తెలియకుండా.

మన సంగతి

ఇదంతా మన మాసపత్రికలో ఎందుకంటే చెప్తాను. చాలా ఏండ్ల కింద ఇక్కడ షోలాపురంలో రైలు పట్టాల పక్కన ఒక శవం దొరికింది. జేబులు ఖాళీ. పోలీసులు అతని చొక్కా పట్టుకొని మా వాడాకు వచ్చారు. రెండో పాళీ భోంగా అయి జనం బయటికి వస్తున్న వేళ. చొక్కా అందరిదీ ఒకే తీరు, ఎవరు గుర్తు పడతారు? మా చాకలి పెద్దమనిషి కాలరు తిప్పి చూశాడు. లోపల నల్లజీడితో వేసిన గుర్తు ఉన్నది. ఇక్కడోళ్లు దాన్ని బిబ్బా అంటారు, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. "మూడు చుక్కలు, ఒక కొక్కెం. ఇది నేను వేసిందే. నాలుగో ఖోలీల ఉండే బదిలీ పిల్లగాడు" అన్నాడు. రెండు నెలలే అయింది ఆ పిల్లవాడు వచ్చి. పక్క సాంచా మీద పని చేసిన మాకు వాని ఊరి పేరు తెలియదు. మెస్సు నడిపే అవ్వకు తెలుసు, అన్నం పెట్టేటప్పుడు అడిగిందట. టెలిగ్రాం పోయింది. మూడో రోజు అన్న వచ్చి, కొరివి పెట్టి పోయాడు.

అడిలైడ్‌లో మూడు లాండ్రీ నంబర్లు 70 ఏండ్లలో చేయలేని పని, ఇక్కడ మూడు చుక్కలు ఒక్క పూటలో చేశాయి. చుక్కలు గొప్పవని కాదు. ఆ చుక్కలు చదివే మనిషి, ఊరి పేరు అడిగిన అవ్వ ఉన్నారు గనుక.

ఇప్పుడు ఆ చాకలి లేడు, మెస్సు అవ్వ లేదు. చొక్కాలు రెడీమేడు, ఉతికేది మిషను. పేరు, ఊరు, బంధువులు అన్నీ ఫోనులో ఉంటాయి, ఫోనుకు తాళం ఉంటుంది. అందుకే నాలుగు మాటలు.

పని మీద బయటికి పోయే ప్రతి మనిషి జేబులో ఒక చీటీ ఉండాలి: పేరు, ఊరు, ఇంట్లో వాళ్ల ఫోను నంబరు. తెలుగులో ఒక్కటే రాస్తే ఇక్కడి ఠాణాలో చదివేవాడు ఉండకపోవచ్చు. మరాఠీలో కూడా రాయండి. మీరు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ భాషలో. ఫోనుకు తాళం ఉన్నా ఇంటి నంబరు కనిపించేట్టు పెట్టుకోవచ్చు. పిల్లలను అడిగితే రెండు నిమిషాల్లో పెట్టిస్తారు.

ఇంట్లో మనిషి రాకపోతే వెంటనే ఠాణాకు పోయి రాయించండి. 24 గంటలు ఆగాలనే చట్టం ఎక్కడా లేదు. ఏం బట్టలు వేసుకొని పోయాడో చెప్పండి. అవి ఎవరి బట్టలో కూడా చెప్పండి.

దారిలో ఎవరన్నా పడి ఉంటే తాగుబోతు అని పోకండి. పిలవండి, భుజం తట్టండి. పలకకపోతే 108కి గాని, 112కి గాని ఫోను చేయండి. దోమలు కుట్టినా కదలడం లేదని అనుకునేంత దగ్గర ఉన్నవాడు, ఇంకో నాలుగు అడుగులు వేయగలడు.

ఆఖరి మాట. మీ గల్లీలో ఒంటరిగా ఖోలీ తీసుకొని సాంచా నడిపే పిల్లవాడు ఒకడన్నా ఉంటాడు. ఒడిశా నుంచో, బిహారు నుంచో, మన కరీంనగరు పల్లె నుంచో వచ్చి ఉంటాడు. ఈ ఆదివారం వానికి ఒక చాయ్ పోసి, నీది ఏ ఊరు బిడ్డా, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు అని అడగండి. చెప్పింది గుర్తు పెట్టుకోండి.